పొలం, పశువుల కొట్టం వద్ద సీసీ కెమెరాలు: రికార్డరు ఎంపికలో మెలకువలు

బోరు మోటారు, స్టార్టరు, రాగి కేబుల్ దొంగతనాలు రైతులకు కొత్త కాదు. పోయిన సామాను ఖర్చు ఒక ఎత్తయితే, గింజ పాలు పోసుకునే దశలో నాలుగు రోజులు నీరు ఆగిపోవడం మరో ఎత్తు. అందుకే మోటారు షెడ్డు, పశువుల కొట్టం, ధాన్యం ఆరబోసిన కల్లం దగ్గర కెమెరాలు పెట్టుకునేవారు పెరుగుతున్నారు. చాలామంది కెమెరాల సంఖ్య చూసి కొంటారు. కానీ దొంగ వచ్చిన రాత్రి దృశ్యం మీకు దొరుకుతుందా లేదా అన్నది రికార్డరు మీద ఆధారపడి ఉంటుంది.

ఏ రకం తీసుకోవాలి?

• డీవీఆర్: కెమెరాల నుంచి టీవీ కేబుల్ లాంటి కేబుల్ వస్తుంది. ఖర్చు తక్కువ. ఇల్లు, కొట్టం ఒకే ఆవరణలో ఉంటే సరిపోతుంది.
• ఎన్‌వీఆర్: నెట్‌వర్క్ కేబుల్‌తో పనిచేస్తుంది. పీఓఈ రకమైతే అదే కేబుల్‌లో కరెంటు కూడా వెళుతుంది. ఒక వరుస కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.
• బోరు ఇంటికి దూరంగా ఉండి ఒక్క కెమెరా చాలనుకుంటే రికార్డరు అవసరం లేదు. సోలార్ పలకతో పనిచేసే సిమ్ కెమెరా చూడండి. అయితే కెమెరాను ఎత్తుకెళితే అందులోని మెమరీ కార్డు కూడా పోతుంది. కాబట్టి చేతికి అందని ఎత్తులో బిగించాలి.

నాలుగు కెమెరాలు ఇప్పుడే పెట్టి, తర్వాత పెంచే ఆలోచన ఉంటే 8 ఛానళ్ల రికార్డరు తీసుకోవడం మేలు. 5 మెగాపిక్సెల్ కెమెరా కొంటే రికార్డరు కూడా ఆ స్థాయిని తీసుకునేదై ఉండాలి.

ఎన్ని రోజుల రికార్డు నిలుస్తుంది?

హార్డ్ డిస్క్ నిండగానే పాత దృశ్యాలు చెరిగిపోయి కొత్తవి ఎక్కుతాయి. హెచ్.265 పద్ధతిలో ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా రోజుకు సుమారు 20 జీబీ తీసుకుంటుంది. ఈ లెక్కన నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ 11, 12 రోజులు, 2 టీబీ డిస్క్ మూడు వారాలకు పైగా వస్తుంది. పాత హెచ్.264 పద్ధతిలో దాదాపు సగం రోజులే. పైరు లేని కాలంలో పదిహేను రోజులకోసారి బోరు వైపు వెళ్లే రైతుకు 1 టీబీ చాలదు. దొంగతనం తెలిసేసరికి రికార్డు చెరిగిపోయి ఉంటుంది.

కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే సదుపాయం డిస్క్‌ను ఆదా చేస్తుంది. అయితే గాలికి ఊగే పైరు, రాత్రి కెమెరా ముందు తిరిగే పురుగులు, సాలెగూళ్లు కూడా కదలికగానే లెక్కకు వస్తాయి. మనిషిని గుర్తించే సదుపాయం ఉన్నది ఎంచుకోండి. కెమెరా అద్దం తరచూ తుడవండి.

కరెంటు సంగతి

వ్యవసాయ లైనుకు రాత్రి సరఫరా లేని చోట కెమెరాలు సరిగ్గా అవసరమైన సమయానికే ఆగిపోతాయి. నాలుగు కెమెరాలు, రికార్డరు కలిపి సుమారు 40 వాట్లు, అంటే 12 గంటల రాత్రికి అర యూనిట్ ఖర్చవుతుంది. ఇళ్లలో వాడే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే రాత్రంతా నడుస్తుంది. పిడుగుల కాలంలో నష్టం తగ్గాలంటే ఎర్తింగ్, సర్జ్ రక్షణ తప్పనిసరి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

• కొటేషన్‌లో డిస్క్ ఎన్ని టీబీలు, ఎన్ని రోజులు వస్తుంది, వారంటీ ఎంత అన్నవి రాయించుకోండి.
• నిఘా కెమెరాల కోసం తయారైన డిస్క్ అడగండి. కంప్యూటర్ డిస్క్ రాత్రింబవళ్లు నడిస్తే త్వరగా పాడవుతుంది.
• రికార్డరుపై బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు చూడండి.
• రికార్డరును మోటారు షెడ్డులో పెట్టవద్దు. ఇంట్లో, తాళం వేసిన, గాలి ఆడే చోట ఉంచండి.
• దుకాణదారు పెట్టిన పాస్‌వర్డ్ వెంటనే మార్చండి.
• తేదీ, సమయం నెలకోసారి సరిచూసి, పాత దృశ్యం ఒకటి తెరిచి చూడండి.

దొంగతనం జరిగితే

అదే రోజు ఆ దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని పోలీసులకు ఫిర్యాదు చేయండి. రికార్డరులోని అసలు దృశ్యం చెరిగిపోకుండా ఏం చేయాలో వారినే అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి.

బడ్జెట్ తక్కువైతే కెమెరా ఒకటి తగ్గించుకోండి గానీ, డిస్క్, బ్యాటరీ దగ్గర పొదుపు చేయవద్దు.