క్లాసు ఎగ్గొట్టి చూసిన హైదరాబాద్!

కాలేజీ రోజుల్లో హైదరాబాద్ చూడటానికి ఏం కావాలి? జేబులో స్టూడెంట్ బస్ పాస్, పక్కన ఇద్దరు స్నేహితులు, మధ్యాహ్నం పూట రాని లెక్చరర్. అంతే! తిరిగిన చోటే తిరిగాం, కూర్చున్న మెట్ల మీదే కూర్చున్నాం. మరి ఆ మెట్ల గుట్టు మీకు తెలుసా? పట్టండి!

ఒక కాలేజీ పేరుతో రైల్వే స్టేషన్ ఉందని మీకు తెలుసా? సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కండి. సీతాఫల్‌మండి దాటగానే బోర్డు మీద ‘ఆర్ట్స్ కాలేజీ’! ఆ తర్వాతి స్టేషన్ ‘జామియా ఉస్మానియా’. జామియా అంటే విశ్వవిద్యాలయం. ఒకే యూనివర్సిటీకి వరసగా రెండు స్టేషన్లు! ఒకటి తప్పితే ఇంకోటి. ఇక ‘రైలు దొరకలేదు సార్’ అనే సాకు చెల్లదు.

ఆ ఆర్ట్స్ కాలేజీ భవనానికీ ఈజిప్టు అధ్యక్షుడికీ చుట్టరికం ఉందని తెలుసా? దీని రూపశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్థుడు. అంతకుముందు కైరోలో హీలియోపోలిస్ ప్యాలెస్ అనే మహా హోటల్‌కు నమూనా గీసింది ఆయనే. తర్వాత అదే ఈజిప్టు అధ్యక్ష భవనమైంది! మన భవనం 1939లో తెరుచుకుంది. అక్కడ సైనికులు కాపలా కాస్తారు, ఇక్కడ మెట్ల మీద మనం పల్లీలు తింటూ కూర్చున్నాం. అదృష్టం ఎవరిదంటారు?

ఇంజినీరింగ్ ఉర్దూలో చదివారని తెలుసా? వైద్యం కూడా! 1918లో ఉస్మానియా పుట్టినప్పుడు బోధన భాష ఉర్దూ. భారతీయ భాషలో పాఠాలు చెప్పిన మొదటి ఆధునిక విశ్వవిద్యాలయం ఇదే. పుస్తకాలు లేవా? అనువదించడానికి ఏకంగా ఒక సంస్థనే పెట్టారు, పేరు దారుల్ తర్జుమా. అదే ఊళ్లో నిజాం కాలేజీ మాత్రం అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం! కాలేజీ బషీర్‌బాగ్‌లో, డిగ్రీ మద్రాసుది!

చదువు, వైద్యం, తాగునీరు, బిస్కెట్టు... ఈ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చెప్పండి చూద్దాం? ఒకే మనిషి పేరు! ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మాన్‌సాగర్, ఉస్మానియా బిస్కెట్. అన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదే. ఉస్మాన్‌సాగర్ ఎక్కడా అని బుర్ర గోక్కోకండి. మనం పిక్నిక్‌కు పోయిన గండిపేటే!

బిస్కెట్టు వచ్చింది కాబట్టి చాయ్ కూడా రావాలి. ఇరానీ చాయ్‌లో పాలు, డికాక్షన్ ఒకే గిన్నెలో కాగవని తెలుసా? పాలు ఒక పొయ్యి మీద చిక్కబడుతూనే ఉంటాయి, డికాక్షన్ ఇంకో పొయ్యి మీద మూత పెట్టుకుని మగ్గుతూనే ఉంటుంది. రెండూ కలిసేది కప్పులోనే! ఆ కప్పును వన్ బై టూ చేసి రెండు గంటలు మాట్లాడటం మాత్రం మన స్టూడెంట్ల సొంత ఆవిష్కరణ.

ప్యారడైజ్ అంటే ముందు బిర్యానీ కాదు, సినిమా! తెలుసా? 1953లో ప్యారడైజ్ టాకీసు పక్కన చిన్న క్యాంటీన్‌గా మొదలైంది ఆ హోటల్. హాలు పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు మెట్రో స్టేషన్ కూడా ప్యారడైజే! సినిమాను బిర్యానీ మింగేసింది.

సరే, ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. నాంపల్లి ఎగ్జిబిషన్, అదే మన నుమాయిష్, ఎవరు పెట్టారో తెలుసా? నిజాం కాదు, వ్యాపారులూ కాదు. ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్లు! రాష్ట్ర ఆర్థిక సర్వే చేయాలి, డబ్బు లేదు. అయితే ఎగ్జిబిషన్ పెడదాం అన్నారు, 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టేశారు. మూలధనం ఎంతో ఊహించండి. వెయ్యా? వందా? రెండున్నర రూపాయలు!

మొదట పది రోజుల ముచ్చట. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఇప్పుడు జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు! కొత్త సంవత్సరం రోజునే మొదలు, సెలవు పెట్టాల్సిన పని లేదు.

ఇంకా ఉంది, ఆగండి. ఆ నుమాయిష్ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసా? చదువులకు! ఎగ్జిబిషన్ సొసైటీ ఆడపిల్లల పాలిటెక్నిక్ సహా ఎన్నో విద్యాసంస్థలు నడుపుతోంది. మీరు కొన్న ప్రతి టికెట్టూ ఎవరికో ఫీజు. జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టడం కూడా విద్యాదానమే! ఇంట్లో ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే ఇంకో పది రూపాయలు వచ్చేవి.

ఒక యూనివర్సిటీ కవయిత్రి ఇంట్లో మొదలైందని తెలుసా? 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ తొలి అడుగులు వేసింది ఆబిడ్స్‌లోని ‘గోల్డెన్ థ్రెషోల్డ్’లో. సరోజినీ నాయుడు ఇల్లది. ఆ పేరు ఆమె 1905లో వేసిన తొలి కవితా సంపుటిది! ఇంటికి పుస్తకం పేరు, ఆ ఇంట్లో మళ్లీ పుస్తకాలు.

కోఠీ ఉమెన్స్ కాలేజీలో ఒక బుల్లి భవనం కథ తెలుసా? బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టి కట్టించిన రెసిడెన్సీయే తర్వాత ఆ కాలేజీ అయింది. ఆయన భార్య ఖైరున్నిసా బేగం పరదాలో ఉండేది. ఇంత పెద్ద భవనాన్ని బయటికొచ్చి చూడలేదు కదా అని, ఆమె తోటలోనే అచ్చం దానిలాంటి చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ప్రేమలేఖలు రాసిన వాళ్లున్నారు, గ్రీటింగ్ కార్డులు కొన్న వాళ్లున్నారు. ఇంటినే బొమ్మగా కట్టిచ్చిన వాడు ఒక్కడే!

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే సుల్తాన్ బజార్. గాజులు, రిబ్బన్లు సరే, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చూశారా? 1901లో పెట్టిన తెలుగు గ్రంథాలయం. ఆ రోజుల్లో ఇక్కడ బళ్లో చదువు ఉర్దూ, కచేరీలో మాట ఉర్దూ. తెలుగు చదువుకోవడానికి ఒక చోటు కావాలని చందాలు వేసుకున్నారు. నూట ఇరవై ఏళ్లు దాటినా తలుపులు తెరిచే ఉన్నాయి!

ఒక చెట్టు 150 మందిని కాపాడిందని మీకు తెలుసా? 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి ఊరు మునిగినప్పుడు అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి అంతమంది బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో అది ఇంకా ఉంది. ఈసారి అటు పోతే దండం పెట్టండి, నేను పెడతాను.

మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. ముందు నుంచి మగాడు, వెనక నుంచి ఆడది. ఎవరు? జంట శిల్పం! ఒకే మొద్దును చెక్కితే ముందు గర్వంగా నిలబడ్డ దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక తలొంచుకున్న అమ్మాయి మార్గరెట్టా. వెనకవైపు చూడటానికి అద్దం పెట్టారు. అదే మ్యూజియంలో ‘ముసుగు రెబెక్కా’ శిల్పం సంగతి తెలుసా? ఆ పల్చటి ముసుగు బట్ట కాదు, పాలరాయి! తాకి చూడాలనిపిస్తుంది. వద్దు, కాపలాదారు చూస్తున్నాడు.

రెండు వేల ఏళ్లకు పైబడ్డ యువతి పబ్లిక్ గార్డెన్స్‌లో పడుకుని ఉందని తెలుసా? ఈజిప్టు మమ్మీ! స్టేట్ మ్యూజియంలో ఉంది. మన హాస్టల్ ఆదివారం నిద్ర దీని ముందు ఏపాటి?

చెరువు ముందా, ఊరు ముందా? చెరువే! హుస్సేన్‌సాగర్ 1562 నాటిది, చార్మినార్‌తో పాటు ఊరు 1591లో వచ్చింది. ఊరి కన్నా చెరువు దాదాపు ముప్పై ఏళ్లు పెద్ద! గట్టు మీద 33 మంది తెలుగు వెలుగుల విగ్రహాలు. ఒక్కో విగ్రహం పేరు చెప్పుకుంటూ నడిస్తే సిలబస్‌లో లేని తెలుగు సాహిత్యం సగం వచ్చేస్తుంది.

చెరువు మధ్య బుద్ధుడు దాదాపు మూడేళ్లు నీళ్లలో ఉన్నాడని తెలుసా? ఏకశిలా విగ్రహం, 58 అడుగులు. 1990 మార్చిలో తరలిస్తుంటే మునిగింది, 1992 డిసెంబర్‌లో పైకొచ్చి నిలబడింది. ఆనాడు విగ్రహంతో పాటు మనుషులు కూడా మునిగిపోయారు. అందుకే ఇక్కడ జోకు లేదు.

గంటలు లేని గుడి తెలుసా? బిర్లా మందిర్! రెండు వేల టన్నుల తెల్ల పాలరాయి, ఒక్క గంట కూడా లేదు. నిశ్శబ్దంగా ధ్యానం చేసుకోవాలని. తమాషా ఏమిటంటే, ఆ గుట్ట పేరు నౌబత్ పహాడ్. ఒకప్పుడు రాజాజ్ఞలను నగారా మోగించి చాటిన చోటు! డప్పుల గుట్ట మీద మౌనం గుడి!

ఎక్కిన బస్సు నంబరు ప్లేటు మీద ‘జెడ్’ ఎందుకో తెలుసా? నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని అక్షరమని చెబుతారు. 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది ఆ బస్సుల సంస్థ. నేనెక్కిన ఫుట్‌బోర్డు మీదే 27 మంది ఉండేవాళ్లు!

చివరి స్టాపు గోల్కొండ. కోట గుమ్మం గోపురం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు గుమ్మం తొక్కితే పైన తెలిసిపోవాలని! మరి 1687లో ఔరంగజేబుకు కోట ఎలా చిక్కింది? ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాడే లంచం పుచ్చుకుని రాత్రిపూట తలుపు తీశాడు. కిలోమీటరు దూరపు చప్పట్లు విన్న కోటకు గుసగుస వినపడలేదు!