ఇంటర్ కాగానే డాక్టరీయా, డిగ్రీ అయ్యాకా?

"హకీమ్ సాబ్, పాప పి.యు.సి. పూర్తి చేసింది. నీట్‌లో మార్కులు చాలలేదు. ఇంకో ఏడాది కోచింగ్‌కు పంపాలా, లేక బి.ఎస్సీ.లో చేర్పించి డిగ్రీ అయ్యాక డాక్టరీకి ప్రయత్నించమందామా?"

ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ ప్రశ్న ఉత్తరాల్లోనూ వస్తుంది, దవాఖానాలో నబ్జ్ చూపించుకోవడానికి వచ్చిన తల్లిదండ్రుల నోటా వినిపిస్తుంది. దీనికి తోడు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మామూజాన్ ఫోన్ చేసి, "ఇక్కడ డిగ్రీ చేశాకే డాక్టరీలో చేరతారు, తొందరేముంది?" అంటారు. ఆయన చెప్పింది అక్కడికి నిజమే. మన దేశానికి మాత్రం ఆ లెక్క సరిపోదు. ఈ తేడా తెలియక మూడు నాలుగేళ్ళు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. అందుకే ఈ వారం మందుల సంగతి పక్కన పెట్టి, ఈ చదువు సంగతి వివరిస్తాను.

విదేశాల్లో రెండు దారులు

అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ, తరువాత ఎంక్యాట్ అనే పరీక్ష, ఆ తరువాత నాలుగేళ్ళ ఎం.డి. 1893లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల డిగ్రీ ఉన్నవారినే చేర్చుకుంది. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చాక మిగతా కళాశాలలు కూడా క్రమంగా ఆ బాట పట్టాయి. స్కూలు కాగానే డిగ్రీని, ఎం.డి.ని కలిపి చదివించే కోర్సులు కొన్ని ఉన్నా, సీట్లు తక్కువ.

బ్రిటన్‌లో రెండు దారులూ ఉన్నాయి. స్కూలు చదువు కాగానే చేరితే ఐదేళ్ళు, కొన్నిచోట్ల ఆరేళ్ళు. డిగ్రీ అయినవారికి నాలుగేళ్ళ కోర్సు విడిగా ఉంది. దాన్ని అక్కడ 2000లో మొదట ప్రవేశపెట్టింది లండన్‌లోని సెయింట్ జార్జెస్. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1996లోనే డిగ్రీ అయినవారికి తలుపు తీసింది. ఇప్పుడు అక్కడ న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం స్కూలు నుంచి వచ్చినవారిని ఆరేళ్ళ చదువులో చేర్చుకుంటే, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం డిగ్రీ అయినవారికి నాలుగేళ్ళలో ఎం.డి. ఇస్తుంది.

గమనించవలసింది ఒకటే. ఆ దేశాల్లో డిగ్రీ చేసి వచ్చినవారికి వైద్య కోర్సులో ఏడాదో రెండేళ్ళో తగ్గుతుంది, లేదా డిగ్రీయే అందరికీ మొదటి మెట్టు అవుతుంది. చేసిన డిగ్రీ వృథా పోదు.

మన దేశంలో తలుపు ఒక్కటే

ఇక్కడ ఎం.బి.బి.ఎస్.లో చేరడానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో ఇంటర్ లేదా పి.యు.సి. పాసై, నీట్ రాయాలి. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. పై వయసు పరిమితిని 2022లో తొలగించారు. ఎన్నిసార్లు రాయాలన్న హద్దు కూడా లేదు. కాబట్టి బి.ఎస్సీ. అయినవారు కూడా నిక్షేపంగా రాయవచ్చు. కానీ రాసేది అదే నీట్, పోటీపడేది పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్లలతో, చేరేది అదే మొదటి సంవత్సరంలో. డిగ్రీ మార్కులకు అదనపు విలువ లేదు, కోర్సులో ఒక్క నెల కూడా తగ్గదు.

లెక్క వేసి చూడండి. 18 ఏళ్ళకు ఎం.బి.బి.ఎస్.లో చేరితే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఇరవై మూడున్నరకు చేతికి పట్టా వస్తుంది. మూడేళ్ళ డిగ్రీ చేసి 21 ఏళ్ళకు చేరితే ఇరవై ఆరున్నర అవుతుంది. పి.జి. కూడా చేస్తే మరో మూడేళ్ళు. బ్రిటన్‌లో అయితే 18 ఏళ్ళకు చేరినవారు 23కు, 21కి చేరినవారు 25కు బయటపడతారు. అక్కడ తేడా రెండేళ్ళు, ఇక్కడ పూర్తిగా మూడేళ్ళు. ఆడపిల్ల విషయంలో ఈ మూడేళ్ళు మరీ బరువు. ఇరవై ఒకటి దాటగానే మన ఇళ్ళల్లో సంబంధాల మాట మొదలవుతుంది, చదువు మధ్యలో ఆగుతుంది. డిగ్రీ తరువాత చూద్దామని చెప్పే ఇంటి పెద్దలు, అప్పుడు ఆ పిల్లను చదవనిస్తామని కూడా ముందే మాట ఇవ్వాలి.

బి.యు.ఎం.ఎస్. సంగతి

మా యునానీ చదువు కూడా ఇంటర్ తరువాతదే. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. దీనికీ నీట్ అర్హత కావాలి. హైదరాబాద్ నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ కళాశాల, చెన్నై అరుంబాక్కంలోని ప్రభుత్వ యునానీ కళాశాల, బెంగళూరు ప్రభుత్వ యునానీ కళాశాల, మాలేగావ్ మొహమ్మదియా తిబ్బియా కళాశాల మన పాఠకులకు అందుబాటులో ఉన్నవి. మదరసాలో అరబీ, ఫార్సీ, ఉర్దూ చదువు పూర్తిచేసిన పిల్లలకు కొన్ని తిబ్బియా కళాశాలల్లో ప్రీ-తిబ్ అనే ఏడాది కోర్సు ఉంది. బి.యు.ఎం.ఎస్. తరువాత ఎం.డి. కోసం విడిగా అఖిల భారత పరీక్ష ఉంది. బెంగళూరులోని జాతీయ యునానీ వైద్య సంస్థ పి.జి. చదువుకు పేరున్నది.

అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. ఎం.బి.బి.ఎస్. రాలేదు కాబట్టి ఇందులో చేరి, తరువాత అందులోకి మారుదామనుకోకండి. బి.యు.ఎం.ఎస్. నుంచి ఎం.బి.బి.ఎస్.లోకి అడ్డదారి లేదు. మారాలంటే మళ్ళీ నీట్, మళ్ళీ మొదటి సంవత్సరం. పట్టా చేతికొచ్చాక ఇంగ్లీషు మందులు రాసుకోవచ్చనే ఆశతోనూ చేరకండి. మిజాజ్, అఖ్లాత్, ముఫ్రద్ మందుల మీద మనసున్న పిల్లలకే ఇది అచ్చొస్తుంది.

ఇంటర్‌కు ఊరు మార్చేముందు

మనలాంటి స్థిరపడిన కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. కోచింగ్ బాగుంటుందని పిల్లవాణ్ణి హైదరాబాదుకో విజయవాడకో పంపి రెండేళ్ళు ఇంటర్ చదివిస్తారు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లే అఖిల భారత కోటా. మిగతా 85 శాతం ఆ రాష్ట్రం వారివి. మహారాష్ట్ర కోటాకు పది, పన్నెండు తరగతులు రెండూ అక్కడే పాసై ఉండాలన్నది సాధారణ నియమం. కర్ణాటకలో ఏడేళ్ళు అక్కడ చదివి ఉండాలనే షరతు ఉంది. తెలంగాణలో స్థానికత రావాలంటే వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. రెండేళ్ళ ఇంటర్‌తో అక్కడ స్థానికత రాదు, ఇక్కడిది కూడా పోయే ప్రమాదముంది. యానాం వారు పుదుచ్చేరి సెంటాక్ నియమాలు చూసుకోవాలి. పంపేముందే ఆ ఏటి ప్రాస్పెక్టస్ చదవండి.

విదేశం పంపదలచినవారికి

విదేశీ పట్టాతో తిరిగివచ్చి ఇక్కడ వైద్యం చేయాలంటే 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నియమాలు వర్తిస్తాయి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఇంగ్లీషులో బోధించాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. వచ్చాక ఇక్కడ పరీక్ష పాసై మళ్ళీ 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. వెళ్ళేముందు నీట్ అర్హత కూడా కావాలి. నాలుగేళ్ళ కోర్సు అంటే 48 నెలలే కదా! డిగ్రీ తరువాతి పొట్టి కోర్సు చూసి మురిసిపోయి, అప్పు చేసి పంపేముందు ఈ ఆరు నెలల తేడా గుర్తుంచుకోండి. అక్కడే స్థిరపడేవారి లెక్క వేరు.

మరి ఏం చేయాలి?

మొదటిసారి మార్కులు సీటుకు దగ్గరగా వచ్చి ఆగితే, పిల్లకు ఇష్టముంటే, ఒక ఏడాది ఆగి చదివించండి. బాగా దూరంగా ఉంటే, లేదా రెండోసారీ అందకపోతే, ఇక ఏళ్ళు పోగొట్టవద్దు. డిగ్రీలో చేర్చేటప్పుడు డాక్టరీకి మెట్టుగా కాక, దాని కాళ్ళ మీద అది నిలబడే చదువు చూడండి: బి.ఎస్సీ. నర్సింగ్, బి.ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ. ఆ చదువు చేస్తూ నీట్ రాస్తామంటే రాయనివ్వండి. సీటు వస్తే సంతోషం, రాకపోతే చేతిలో అన్నం పెట్టే పని ఉంటుంది.

వయసు మించిందని బెంగపడే వారికి మా తిబ్ చరిత్రలోనే జవాబుంది. ఇబ్న్ సీనా పదహారేళ్ళకే వైద్యంలో నిలదొక్కుకున్నట్టు తన స్వీయచరిత్రలో చెప్పుకున్నారు. జకరియా రాజీ ముప్పై దాటాక గానీ వైద్యం వైపు రాలేదని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. తిబ్ ఇద్దరినీ ఇమాములుగానే లెక్కించింది.

చివరగా హకీముగా నా మాట. అస్బాబె సిత్తా జరూరియాలో నిద్ర, మెలకువ ఒక భాగం; మనసుకు పని, విశ్రాంతి మరో భాగం. కోచింగ్ ఏడాదిలో పిల్లలు ఈ రెండూ వదిలేస్తారు. రాత్రి రెండు గంటల వరకు చాయ్ తాగుతూ చదివి, పొద్దున నాష్తా మానేసి, కడుపులో మంట, తలనొప్పి, గుండెదడతో దవాఖానాకు వస్తారు. వారికి రోజూ ఏడు గంటల నిద్ర, వేళకు తిండి, సాయంత్రం అరగంట నడక ఇవ్వండి. పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా మూలన కూర్చుంటే, బతికి ఏం లాభమన్న మాట నోట వస్తే, మాజూన్లతో కాలయాపన చేయకుండా ఆ రోజే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. సీటు ఈ ఏడు కాకపోతే మరో ఏడు చూసుకోవచ్చు. పిల్ల క్షేమం దానికంటే ముందు.