ఒక రౌతు, నాలుగు గుర్రాలు: ఈవెంటింగ్ పోటీ సంవత్సరంలో మేత, నేలల పాత్ర

మన పశుగ్రాస పాఠ్యాంశాలలో ఆవు, గేదె, గొర్రె, మేక ఉంటాయి; గుర్రం ఉండదు. ఈ లోపాన్ని నేను కూడా చాలా కాలం లోపంగా భావించలేదు. సుమారు పదిహేనేళ్ల క్రితం కరీంనగర్ శివారులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను నడిపే ఒక యజమాని పచ్చిమేత కావాలని వచ్చినప్పుడు, పాడి రైతుకు ఇచ్చినట్లే హైబ్రిడ్ నేపియర్ కణుపులు ఇచ్చి, ఎకరాకు వచ్చే దిగుబడి గురించి ఉత్సాహంగా చెప్పి పంపాను. తొమ్మిది నెలల తరువాత ఆయన తిరిగి వచ్చాడు. “సారూ, మీరిచ్చిన గడ్డే ఏస్తున్న. మరి గుర్రం మొకం ఎందుకు వాసింది?” అన్నది ఆయన ప్రశ్న. ఆనాడు నా వద్ద సమాధానం లేదు. ఆ సమాధానం కోసం వెతుకుతూ పోటీ గుర్రాల పోషణను చదివాను. గుర్రం శరీరాన్ని, మేతను, కాలాన్ని అత్యంత కచ్చితంగా లెక్కించే రంగం అదే కనుక, దాని ద్వారానే ఈ విషయాన్ని వివరించడం సులభమని భావిస్తున్నాను.

ఈవెంటింగ్ స్వరూపం

ఈవెంటింగ్‌లో ఒకే రౌతు, ఒకే గుర్రం మూడు పరీక్షలకు నిలుస్తారు. మొదటిది డ్రెస్సేజ్: నిర్ణీత ఆవరణలో గుర్రం నడక, దుడుకు, లయ, విధేయతలను న్యాయనిర్ణేతలు అంచనా వేస్తారు. రెండవది క్రాస్ కంట్రీ: పచ్చిక, వాలు, నీటిగుంట, కందకం, కదలని కొయ్య అడ్డంకుల మీదుగా కిలోమీటర్ల దూరం నిర్ణీత వేగంతో పరుగు. నాలుగు నక్షత్రాల స్థాయిలో ఆ వేగం నిమిషానికి 570 మీటర్లు. మూడవది షో జంపింగ్: ముందురోజు అలసిన గుర్రం కర్రలు పడకుండా దూకవలసి ఉంటుంది. ఒక్కో కర్ర పడితే 4 పెనాల్టీ పాయింట్లు. క్రాస్ కంట్రీలో గుర్రం మొదటిసారి మొరాయిస్తే 20, నిర్ణీత సమయం దాటిన ప్రతి సెకనుకు 0.4. అన్నీ కలిపి తక్కువ పాయింట్లు వచ్చినవారు విజేత. దీర్ఘ పోటీలలో పోటీకి ముందు, చివరి పరీక్షకు ముందు పశువైద్యుల ఎదుట గుర్రాన్ని నడిపించి చూపాలి. కుంటు కనబడితే అంతటితో పోటీ ముగిసినట్లే.

ఇందులో గమనించవలసినది, రౌతు ఏటా ఎన్ని పోటీలలోనైనా పాల్గొనగలడు గాని గుర్రం పాల్గొనలేదు. మూడు నాలుగు రోజులు సాగే దీర్ఘ పోటీలు ఉన్నతస్థాయి గుర్రానికి సాధారణంగా ఏడాదికి రెండు మాత్రమే, వసంతంలో ఒకటి, శరత్కాలంలో ఒకటి. ఒక దీర్ఘ పోటీ తరువాత వారాల తరబడి విశ్రాంతి, ఆపై మళ్లీ క్రమంగా సాధన. అందుచేత వృత్తి రౌతు ఒక్క గుర్రం మీద ఆధారపడడు. జర్మనీకి చెందిన మైఖేల్ యుంగ్ కెంటకీ, బర్లీ, బాడ్మింటన్ పోటీలను వరుసగా గెలిచి 2016లో గ్రాండ్ స్లామ్ సాధించినది ఒక గుర్రంతో కాదు, సామ్, ఫిషర్‌రోకానా అనే రెండింటితో.

ఫవాద్ మీర్జా ఉదాహరణ

మన దేశంలో ఇందుకు స్పష్టమైన ఉదాహరణ బెంగళూరుకు చెందిన ఫవాద్ మీర్జా. 2018 జకార్తా ఆసియా క్రీడలలో సెన్యోర్ మెడికాట్ అనే గుర్రంపై వ్యక్తిగత రజతం, జట్టు రజతం సాధించాడు. 1982 ఢిల్లీ క్రీడలలో రఘువీర్ సింగ్ స్వర్ణం గెలిచిన తరువాత అశ్వక్రీడలలో భారత్‌కు వ్యక్తిగత పతకం రావడం అదే మొదలు. తరువాత మెడికాట్ గాయపడింది. ఒలింపిక్ స్థానానికి కావలసిన పాయింట్లను మీర్జా 2019లో ఫెర్న్‌హిల్ ఫేస్‌టైమ్, టచింగ్‌వుడ్ అనే వేరే రెండు గుర్రాలపై సంపాదించాడు. ఆ స్థానం రౌతుది; దానిని వినియోగించుకోవాలంటే టోక్యోకు తీసుకువెళ్లే గుర్రం కూడా తన కనీస అర్హతను విడిగా నిరూపించుకోవాలి. కోలుకున్న మెడికాట్, దజారా 4 అనే ఆడగుర్రం 2021 మేలో పోలండ్‌లోని బాబోరుఫ్కోలో ఆ అర్హతను పూర్తి చేశాయి. మొదట దజారా పేరు ప్రకటించి, పోటీకి కొద్దికాలం ముందు మెడికాట్‌ను ఖరారు చేశారు.

అంటే రెండు గుర్రాలు స్థానం తెచ్చాయి, మరో రెండు అర్హత పొందాయి, ఒక్కటి పోటీ చేసింది. టోక్యోలో మెడికాట్ డ్రెస్సేజ్‌లో 28.00 పాయింట్లతో ముగించింది. ఆగస్టు 1న జరిగిన క్రాస్ కంట్రీని వేడి కారణంగా ఉదయాన్నే ప్రారంభించి, దూరం కూడా తగ్గించారు. అందులో అడ్డంకుల పెనాల్టీ లేదు, సమయానికి 11.20, అనగా 28 సెకన్ల ఆలస్యం. మొదటి జంపింగ్‌లో 8 చేరి మొత్తం 47.20తో మీర్జా మొదటి 25 మందిలో నిలిచి తుది రౌండుకు చేరాడు, చివరికి 59.60 పాయింట్లతో 23వ స్థానం పొందాడు. ఒలింపిక్స్‌లో భారత రౌతు పోటీపడడం 2000 సిడ్నీ తరువాత అదే మొదటిసారి.

ఐరోపాలో ఈ పోటీలు మార్చి నుంచి అక్టోబరు వరకు సాగుతాయి; మన దేశంలో శీతాకాలంలో. రామగుండం వేసవిని చూసినవారికి దీనికి కారణం చెప్పనక్కరలేదు. శ్రమించే గుర్రం వేడిలో గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమటను కోల్పోగలదు. ఆ చెమటలో సోడియం, క్లోరైడ్, పొటాషియం మనిషి చెమటలో కంటే చాలా ఎక్కువ. నీరు మాత్రమే ఇచ్చి ఉప్పు ఇవ్వకపోతే ఆ లోటు తీరదు.

మేత: గేదె లెక్క గుర్రానికి వర్తించదు

అనేక గుర్రాలను ఒకేసారి సిద్ధం చేసే శాలలో ప్రతి గుర్రానికీ వేరు పట్టిక ఉంటుంది: శరీర బరువు, ఆ వారపు పని, మేత, దాణా, ఉప్పు. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి దాణా తగ్గించి, పోటీకి దగ్గరవుతున్న గుర్రానికి పెంచుతారు. ఏ మార్పునైనా 7 నుంచి 14 రోజులలో క్రమంగా చేస్తారు. ప్రయాణంలో కూడా తమ ఎండుమేతను తామే వెంట తీసుకువెళ్లడం సాధారణం, ఎందుకంటే మేత హఠాత్తుగా మారితే శూల వస్తుంది. శూల వచ్చిన గుర్రానికి ఆ ఏటి పోటీలు ముగిసినా ఆశ్చర్యం లేదు, ప్రాణమే పోవచ్చు.

500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 10 కిలోల పొడిపదార్థం అవసరం. ఎంత కష్టపడే గుర్రానికైనా శరీర బరువులో 1.5 శాతం, అనగా 7.5 కిలోలు, పీచుమేత రూపంలో ఉండటం మంచిది. దాణాను ఒక్క పూటకు 2 కిలోలకు మించనీయరాదు. పిండిపదార్థం చిన్నపేగులో జీర్ణం కాకుండా పెద్దపేగులోకి జారితే అక్కడ ఆమ్లం పెరిగి శూల, డెక్కల వాపు సంభవిస్తాయి. క్రాస్ కంట్రీకి ముందు నాలుగైదు గంటలు దాణా ఇవ్వరు, కొద్దిగా ఎండుగడ్డి మాత్రం ఇస్తారు.

ఇక నేపియర్ విషయం. నేపియర్, అంజన్ గడ్డి వంటి ఉష్ణమండల గడ్డిజాతులలో ఆక్సలేట్ అధికం. గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దానిని చాలావరకు విచ్ఛిన్నం చేస్తాయి. గుర్రానికి ఆ సదుపాయం లేదు. సూక్ష్మజీవులు పనిచేసే పెద్దపేగు జీర్ణమార్గంలో చివర ఉంటుంది, కాల్షియం గ్రహణం దానికి ముందే చిన్నపేగులో జరిగిపోతుంది. ఆక్సలేట్ కాల్షియాన్ని బంధిస్తే అది రక్తంలో చేరదు. అప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుంచి కాల్షియాన్ని లాగుతుంది. ముఖపు ఎముకల స్థానంలో పీచు కణజాలం పెరిగి ముఖం ఉబ్బుతుంది, అడుగు కుంటుపడుతుంది. మేతలో మొత్తం ఆక్సలేట్ పొడిపదార్థంలో 0.5 శాతం మించినా, కాల్షియం ఆక్సలేట్‌లో సగానికి తగ్గినా ఈ ప్రమాదం ఉంటుంది. ఆ యజమాని దీనికి తోడు రోజూ తవుడు పెట్టేవాడు. తవుడులో భాస్వరం మెండు, కాల్షియం అత్యల్పం. గుర్రానికి కాల్షియం భాస్వరం కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. నేను ఇచ్చిన గడ్డి, మిల్లు నుంచి వచ్చిన తవుడు కలిసి ఆ గుర్రం ఎముకలను తొమ్మిది నెలల్లో తినివేశాయి. పశువైద్య కళాశాల మిత్రుడొకరు ఇది వివరించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు.

మన ప్రాంతంలో ఇటువంటివి మరికొన్ని ఉన్నాయి. కరీంనగర్ మొక్కజొన్న ప్రాంతం. కోత సమయంలో వాన తడిసి, రోడ్డు మీద అరకొరగా ఎండిన గింజలపై ఫ్యుజేరియం బూజు చేరి ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఇది గుర్రం మెదడు తెల్లపదార్థాన్ని కరిగిస్తుంది. లక్షణాలు కనబడిన తరువాత బ్రతకడం అరుదు. అమెరికాలో గుర్రాలకు వాడే మొక్కజొన్నలో దీని పరిమితి 5 పీపీఎం మాత్రమే. కోళ్లకు, పశువులకు కొనుగోలుదారులు నిరాకరించిన గింజ తక్కువ ధరకు గుర్రాల దాణాగా చేరడాన్ని విస్తరణ సిబ్బంది తప్పక నివారించాలి. అదే విధంగా కోళ్లదాణాలో రక్తపారుడు నివారణకు కలిపే మొనెన్సిన్ వంటి మందులు గుర్రం గుండెకు ప్రాణాంతకం. ఆదిలాబాద్‌లో జొన్న సహజంగానే అందుబాటులో ఉంటుంది, కాని పచ్చిజొన్న, ముఖ్యంగా కోసిన తరువాత వచ్చే పిలకలు, గుర్రాలలో మూత్రాశయ వ్యాధిని, వెనుక కాళ్ల పట్టుతప్పడాన్ని కలిగిస్తాయి.

కలుపు శాస్త్రం చదివే విద్యార్థులకు మరొక విషయం. పోటీ గుర్రాలకు మాదకద్రవ్య పరీక్షలు జరుగుతాయి. ఉమ్మెత్త గింజలు దాణాలో కలిస్తే అట్రోపిన్, హయోసిన్ బయటపడతాయి. గుర్రం దోషి కాకపోయినా ఫలితం రద్దు కావచ్చు. ఆదిలాబాద్ సోయాచిక్కుడు చేలలో ఉమ్మెత్తను మనం దిగుబడి నష్టంగానే లెక్కిస్తాము.

మరి ఏమి పండించాలి? పాతవారికి తెలిసిన సమాధానం ఉలవలు; ఇంగ్లీషులో ఆ పప్పుధాన్యం పేరులోనే గుర్రం ఉంది. చల్కా నేలల్లో ఆలస్యపు వానలతో పండుతుంది. నానబెట్టి లేదా ఉడికించి, మితంగా ఇవ్వాలి. పీచుమేతకు ఓట్స్, లూసర్న్ ఈ ప్రాంతానికి తగినవి. ఓట్స్‌ను అక్టోబరు రెండవ పక్షం నుంచి నవంబరు మధ్య వరకు ఎకరాకు 35 నుంచి 40 కిలోల విత్తనంతో విత్తవచ్చు. ఆదిలాబాద్ చలి దీనికి అనుకూలం. లూసర్న్‌కు ఎకరాకు 8 కిలోల విత్తనం, రైజోబియంతో విత్తనశుద్ధి, మురుగునీరు నిలవని నేల అవసరం. మొదటి కోత సుమారు రెండు నెలలకు, ఆపై 25 నుంచి 30 రోజులకొకటి. లూసర్న్‌లో కాల్షియం పుష్కలం కనుక, కొద్దిపాటి లూసర్న్ తవుడు లోపాన్ని పూరిస్తుంది. అయితే దానినే పూర్తి మేతగా వాడరాదు, మాంసకృత్తులు అవసరానికి మించుతాయి.

నా దృష్టిలో ఉత్తర తెలంగాణకున్న అసలు అనుకూలత పంటలో కంటే ఎండబెట్టడంలో ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇక్కడ వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ. గింజ పాలుపోసుకునే దశలో ఓట్స్ కోసి, పలుచగా పరచి, తిప్పుతూ తేమ 15 శాతం లోపుకు తెస్తే బూజు, దుమ్ము లేని ఎండుమేత లభిస్తుంది. గుర్రం ఊపిరితిత్తులకు దుమ్ము పెద్ద శత్రువు. నల్లబారిన గడ్డిని గేదె తిన్నా గుర్రానికి వేయరాదు. ఎండిన మేతను ఒకే లాటుగా, తేదీ వేసి, నేలకు తగలకుండా చెక్కలపై నిల్వచేస్తే ఏడాది పొడవునా ఒకే నాణ్యత గల మేత ఇవ్వడం సాధ్యమవుతుంది. పోటీ శాల అధిక ధర చెల్లించేది ఈ స్థిరత్వానికే.

నేల

క్రాస్ కంట్రీకి ముందు రౌతు మార్గమంతా కాలినడకన, ఒకటికి రెండుసార్లు చూస్తాడు. అడ్డంకులతో పాటు నేలను చూడడానికే ఈ నడక. గట్టి నేల డెక్కలను, కీళ్లను దెబ్బతీస్తుంది. లోతుగా కూరుకుపోయే నేల స్నాయువులను లాగేస్తుంది. నేల నచ్చకపోతే అనుభవజ్ఞుడు ఆ గుర్రాన్ని వెనక్కు తీసుకుంటాడు, మరో గుర్రం ఉన్నవాడికి ఆ నిర్ణయం కొంత సులభం.

ఆదిలాబాద్ నల్లరేగడి వానలో లాడాన్ని ఊడదీస్తుంది, వేసవిలో కాలు ఇరుక్కునేటంత పగుళ్లిస్తుంది. అక్కడ గుర్రాన్ని పరుగెత్తించగలిగే కాలం వానల తేమ తగ్గాక, పగుళ్లు రాకముందు, సుమారు నవంబరు నుంచి జనవరి వరకే. కరీంనగర్ చల్కా నేల నీటిని త్వరగా వదులుతుంది, కాని గులకరాళ్లు ఏరవలసి ఉంటుంది. సాధన బాటకు చల్కాపై సేంద్రియ పదార్థం కలిపి గరిక పరచి, లోతుగా తడిసేలా, ఎడంగా ఇచ్చే నీటితడులతో వేళ్లను లోతుకు దింపితే రెండు ఋతువులలో వాడదగిన ఉపరితలం తయారవుతుంది. గరికలో ఆక్సలేట్ కూడా నేపియర్ కంటే తక్కువ.

ఆ యజమాని తన గుర్రాన్ని అమ్మలేదు. నేపియర్, తవుడు ఆపి, లూసర్న్, సున్నపురాయి పొడి ఇచ్చాక కుంటు తగ్గింది, ముఖం వాపు మాత్రం పూర్తిగా పోలేదు. గత ఏడాది వెళ్లినప్పుడు పది గుంటల్లో లూసర్న్ కనబడింది. నేపియర్ కూడా ఉంది, గట్టు మీద, గేదె కోసం.