ఆయన మాటకు సాక్ష్యం చెప్పేవారెవరు?

ఎల్.బి.నగర్ కూడలికి రాత్రింబవళ్ళ భేదం లేదు. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు, ఇన్నర్ రింగు రోడ్డు అక్కడే కలుస్తాయి. అక్కడినుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు సాగే బాటలో మోటారుసైకిలు జారిపడటం, తల రోడ్డుకు తగలటం, 108 అంబులెన్సు రావటం మన కళ్ళకు అలవాటైపోయిన దృశ్యాలు. మనిషి బ్రతికాడని తెలియగానే అల్‌హందులిల్లాహ్ అనుకొని మన పనుల్లో మనం పడిపోతాము. ఆ కుటుంబానికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళలో నూరుమందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారిని ఏటా తలచుకుంటాము. గాయపడి బ్రతికినవారు ఎలా ఉన్నారని అడిగేవారు అరుదు. ప్రమాదాల విషయంలోనూ మన తీరు ఇంతే.

కొంతకాలం క్రితం కొత్తపేట ప్రాంతంలో పండ్ల బండి పెట్టుకునే ఒక సోదరుని భార్య మా మదర్సాకు వచ్చారు. ఆయనకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. "కుట్లు మానాయి మౌలానా. నడుస్తున్నారు, తింటున్నారు. కానీ ఈయన ఆ మనిషి కారు" అన్నారామె. చెప్పిన మాట గంటలో మరచిపోతారు. చిన్న శబ్దానికే మండిపడతారు. పట్టపగలే అలసి నిద్రపోతారు. చిల్లర లెక్క తప్పుతారు. అది కనిపెట్టిన కొందరు కావాలనే మోసం చేస్తారు. బంధువులు జిన్ను సోకిందన్నారు. ఇరుగుపొరుగు తాగి వస్తున్నాడన్నారు.

"సబర్ చేయమ్మా, అల్లాహ్ ప్రతిఫలం ఇస్తాడు" అని చెప్పి ఆమెను పంపివేశాను. ఆమె తలవంచుకొని వెళ్ళిపోయారు.

మదీనా బజారులో ఒక సహచరుడు

ఆ వారమే హదీసు తరగతిలో క్రయవిక్రయాల అధ్యాయం వచ్చింది. ఏళ్ళతరబడి చెబుతున్న పాఠమే. అందులో తలకు బలమైన గాయం తగిలి మాట, బుద్ధి దెబ్బతిన్న ఒక సహచరుని వృత్తాంతం ఉంది. కొన్ని ఉల్లేఖనాలు ఆయన పేరు హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) అనీ, మరికొన్ని ఆయన తండ్రి మున్ఖిజ్ బిన్ అమ్ర్ (రజి) అనీ చెబుతాయి. ఆయన వ్యాపారం మానలేదు, మోసపోవటమూ ఆగలేదు. ఇంటివారు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, ఆయనను బేరాలు చేయకుండా కట్టడి చేయమని కోరారు. ప్రవక్త (స) పిలిచి వద్దని చెప్పగా, వ్యాపారం చేయకుండా ఉండలేనని ఆయన విన్నవించుకున్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆయన జీవనోపాధిని తీసివేయలేదు. బేరం కుదిరే ప్రతిసారీ మోసం ఉండరాదని షరతు చెప్పమన్నారు. కొన్న సరుకును మూడు రోజుల్లోగా తిరిగి ఇచ్చే హక్కు కల్పించారు.

ఆ తరువాత ఆయన సరుకు వాపసు ఇవ్వబోతే వర్తకుడు వాదులాడేవాడు. అటుగా వెళ్ళే సహచరులు ఎవరైనా ఆగి, ఈయన చెప్పేది నిజమేనని, ప్రవక్త (స) ఆయనకు ఆ హక్కు ఇచ్చారని సాక్ష్యం చెప్పేవారు. గాయపడినవాని భారాన్ని ఇల్లు ఒక్కటే మోయలేదు, బజారంతా పంచుకుంది. పాఠం ముగిసేసరికి నా ముఖం నాకే చూపినట్టయింది. ఆ సోదరికి నేను సహనం మాత్రమే బోధించాను. ఆమె భర్తకు సాక్ష్యం చెప్పే మనుషులను చూపలేదు.

తెలియవలసిన విషయాలు

మెదడు ముందుభాగం కోపాన్ని అదుపు చేస్తుంది, పనులను క్రమంలో పెట్టిస్తుంది. అది దెబ్బతింటే స్వభావమే మారినట్టు కనిపిస్తుంది. అది గాయపు లక్షణం. దుఆ చేద్దాం, దానితోపాటు న్యూరాలజీ వైద్యునికీ చూపిద్దాం. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశమే. తాయెత్తు పేరిట మందులు ఆపించటం పాపం. మూర్ఛ మందులు ఆపటం ప్రాణాపాయం కూడా.

నమాజులో రకాతుల లెక్క గుర్తుండని రోగి విషయం మన హనఫీ గ్రంథం 'దుర్రె ముఖ్తార్'లో ఉంది. అటువంటి స్థితిలో నమాజు చేయటం అతనిపై తప్పనిసరి కాదు. పక్కవారు అందిస్తుంటే విని నెరవేరిస్తే ఆ నమాజు చెల్లుతుందని అందులో భావించారు. ఒక పగలూ రాత్రికి మించి స్పృహలేనివానికి ఆ నమాజుల ఖజా లేదు.

మరొక సున్నితమైన సంగతి. ఇటువంటివారి నోట ఆవేశంలో తలాక్ మాట వెలువడితే ఇరుగుపొరుగు తీర్పులు చెప్పరాదు. మతి చెదిరి, మాటలూ చేతలూ అలవాటుకు భిన్నంగా మారినవాని తలాక్ చెల్లదని ఇబ్నె ఆబిదీన్ వివరించారు. వైద్యపత్రాలు తీసుకొని ముఫ్తీ వద్దకు వెళ్ళాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలగాయానికి ఆ జాబితాలో విడిగా పేరు లేదు. అయినా దానివల్ల ఏర్పడిన చలన, మాట, మానసిక లోపాలను బట్టి ధ్రువీకరణ కోరవచ్చు. 40 శాతం, ఆపైన ఉంటే అనేక సౌకర్యాలకు అర్హత వస్తుంది.

మస్జిద్ చేయగల పని

ఆసుపత్రి అప్పులతో కుంగినవారు జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లోని రుణగ్రస్తుల కోవలోకి రావచ్చు. ఇచ్చేముందు వారి స్థితిని ఆలిములతో విచారించుకోవాలి. అయితే డబ్బుతోనే సరిపోదు. జుమా తరువాత ఇద్దరు యువకులు వెళ్ళి రోగితో రెండు గంటలు గడిపితే, ఆ భార్య లేదా తల్లి నిద్రపోగలదు, బజారుకు వెళ్ళగలదు, ఏడ్చి గుండె తేలిక చేసుకోగలదు. పరామర్శకు వెళ్ళినవారు గట్టిగా మాట్లాడరాదు, గుంపుగా కూర్చోరాదు, "నన్ను గుర్తుపట్టావా" అని పరీక్షలు పెట్టరాదు.

రోడ్డుమీద పడినవానిని ఎత్తటానికి జంకవద్దు. సదుద్దేశంతో ఆదుకున్నవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134-ఎ సెక్షను రక్షణ ఇస్తుంది. ఇక హెల్మెట్: ప్రాణం అల్లాహ్ అమానతు, దానిని కాపాడుకోవటం మన విధి.

నేను ఆ సోదరి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాను. ఆమె టీ ఇచ్చి, "మీరు వచ్చారు, అదే చాలు" అన్నారు. ఇప్పుడు ఆ బండిమీద పండ్ల ధరలు అట్టముక్కపై పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. పక్కన అరటిపండ్లు అమ్మే హిందూ సోదరుడు సాయంత్రం ఆయన లెక్క సరిచూస్తున్నారు. ఆయనకు జ్ఞాపకం పూర్తిగా తిరిగిరాలేదు, కోపమూ పోలేదు. కానీ ఎవరైనా చిల్లర దగ్గర మాయచేయబోతే "ఆయన చెప్పింది నిజం" అనే గొంతు ఒకటి అక్కడ ఉంది.

ప్రతి బజారులోనూ, ప్రతి మొహల్లాలోనూ అటువంటి సాక్షులుగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.