ఆస్ట్రేలియా మూలవాసుల కళాప్రదర్శనములు : కూర్పరి స్థానము

చిత్రశాలలో ప్రదర్శింపదగిన కృతులను ఏరి, వాని క్రమమును నిర్ణయించి, ప్రక్కన నుంచవలసిన వివరణమును వ్రాయు వ్యక్తిని ఇంగ్లీషువారు క్యూరేటరు అందురు. లాటినులో ఈ పదమునకు సంరక్షకుడని మూలార్థము. నిర్వాహకుడన్నచో ఏర్పాట్లు చూచువాడని మాత్రమే స్ఫురించును గావున మేము కూర్పరి యను మాటను గ్రహించితిమి. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన అనుభవము గలవారికి ఈ పని స్వరూపమును వేరుగ చెప్పనక్కరలేదు. ఏ పాఠము పైకి రావలెనో, ఏది అధోజ్ఞాపికలోనికి పోవలెనో నిర్ణయించువాడు పరిష్కర్తయే గదా! అట్లే మన వాడుకలోని 'గిరిజనులు' అను మాటయు ఇచట పొసగదు. ఎడారులందును, సముద్రతీరములందును, మహానగరములందును వసించువారిని కొండవారనుట ఎట్లు? అందుచేత మూలవాసులంటిమి.

1788లో ఆంగ్లేయులు వలస స్థాపించునాటికి ఆ ఖండమున 250కి మించిన భాషలుండెను. ఆ జనుల చిత్రములును చెక్కడములును చిరకాలము మానవశాస్త్ర ప్రదర్శనశాలలలో, ఆయుధముల సరసన, తరచు కర్త పేరైనను లేక పడియుండెను. వానిని కళాకృతులుగ చిత్రశాలలకు తెచ్చినవారు మొదట తెల్లవారే. వారి శ్రద్ధను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని ఎంపికయు, వ్యాఖ్యానమును వారి చేతిలోనే యుండెను.

1988లో ఆస్ట్రేలియా వలస స్థాపనకు 200 ఏండ్లు నిండెనని ఉత్సవములు జరిపినది. అప్పుడు ఉత్తరమున ఆర్నెమ్ లాండులోని రామింగినింగ్ గ్రామమున కళాసలహాదారుగ నుండిన జాన్ మండైన్ వేరొక ఆలోచన చేసెను. ఆ ప్రాంతమువారు చెదలు తొలిచి బోలు చేసిన చెట్టు బోదెపై వంశచిహ్నములను చిత్రించి, మృతుని అస్థికలను అందుంచి అంత్యసంస్కారమును ముగింతురు. అట్టి బోదెలను ఏడాదికొకటి చొప్పున 200, వలస కాలమున మడిసి తగిన సంస్కారమునకు నోచుకొనని స్వజనులకై, 43 మంది చిత్రకారులు సిద్ధపరచిరి. అస్థికలు మాత్రము వీనియందు లేవు. ఆ యేడే సిడ్నీ ద్వైవార్షిక ప్రదర్శనమున నిలిచిన యీ స్మారకము ఇప్పుడు కాన్‌బెర్రా జాతీయ చిత్రశాలలో నున్నది. బోదెల నడుమ విడిచిన దారి గ్లైడ్ నదికి సంకేతము. ఏ వంశమువారి భూమి ఆ నదికి ఎచట నున్నదో, వారి బోదెలును దారికి అచటనే యుండును. ఏ చిహ్నమును ఎవరు వ్రాయవచ్చునో, ఎవరు వ్రాయరాదో ఆ సమాజమున కట్టుబాటు కలదు. ఇది యెరుగని కూర్పరి 200 బోదెలను అందముగ వరుస పెట్టగలడే కాని, నదిని చూపజాలడు.

ఇచట ఒక సందేహము పుట్టును. మండైన్ బంజలంగ్ తెగవాడు; స్వస్థలము ఎంతో దూరమున న్యూ సౌత్ వేల్సు. రామింగినింగ్‌వారికి ఆయనయు పరదేశియే. మూలవాసియైన మాత్రమున ఎవడును మూలవాసులందరి తరఫున పలుకుటకు అర్హుడు కాడు. ఆ అర్హత జన్మముచేత గాక, అచట వసించుటచేతను, వారితో కలిసి పని చేయుటచేతను ఆయనకు లభించినదని మా అభిప్రాయము. ఈ భేదమును పాటింపక 'వారివారికే వదలుడు' అని యూరకుండు చిత్రశాలలు తమ పనిని సులువు చేసికొనుచున్నవేమో యని మాకు తోచును.

1997లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనమున ఆస్ట్రేలియా పక్షమున ముగ్గురు స్త్రీ కళాకారుల కృతులను కూర్చినవారిలో బ్రెండా క్రాఫ్ట్, హెట్టి పెర్కిన్స్ మూలవాసులు. 2007లో కాన్‌బెర్రాలో జాతీయ మూలవాసి కళా త్రైవార్షికమును క్రాఫ్ట్ ఆరంభించెను. అది మూలవాసులను జనగణనలో చేర్చుటకు వీలు కలిగించిన 1967 జనవాక్యసేకరణకు నలువదవ యేడు. పిదప 2012లో కార్లీ లేన్, 2017లో టీనా బామ్, 2022లో పెర్కిన్స్ కూర్పరులైరి. పేరునకు త్రైవార్షికమే గాని మొదటి నాలుగును అయిదేండ్లకొకటిగ జరిగినవి! కూర్పరులు మాత్రము ప్రతిసారియు మూలవాసులే.

2020 సిడ్నీ ద్వైవార్షికమునకు విరాజురి వాడైన బ్రూక్ ఆండ్రూ కళానిర్దేశకుడయ్యెను. ఆ పదవిని మూలవాసి యొకడు వహించుట అదియే ప్రథమము. మార్చిలో తెరచిన ప్రదర్శనము మహమ్మారివలన కొలది దినములకే మూతపడి, జూనులో మరల తెరవబడినది. ఆయన దానికి పెట్టిన పేరు నిరిన్. విరాజురి భాషలో అంచు అని యర్థము. ప్రపంచపు అంచున నున్నారని తలపబడిన దేశముల కళాకారులనే నడుమకు తెచ్చెను. ప్రదర్శనమును ఏడు అంశములుగ విభజించి, ఏడింటికిని ఆ భాషలోనే పేర్లుంచెను. వానిలో ధాగున్ అనగా భూమి. బిల అనగా నది.