నెలకు నాలుగు రోజుల పనికి ఏడాదంతా అద్దె ఎందుకు?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు అనుకోండి. లెక్కలు చూసే అమ్మాయి ఒక్కతే, టాలీ ఉన్నది ఒక్క కంప్యూటర్‌లోనే. దసరాకు తను దేవరకొండ దగ్గర్లోని సొంతూరికి పోయింది. ఆ ఏడు పండుగ కాస్తా 20వ తేదీ పక్కకొచ్చి కూర్చుంది. జీఎస్‌టీఆర్-3బీకి అదే ఆఖరు రోజు. జీఎస్‌టీ పోర్టల్ ఎక్కడినుంచైనా తెరుచుకుంటుంది కానీ, అందులో నింపాల్సిన అంకెలు మిల్లులోని టాలీలో ఉన్నాయి. ఓనర్ ఫోన్ చేసి "ఒక్క గంట వచ్చిపో అమ్మా" అంటాడు. ఆ ఒక్క గంట కోసం సగం రోజు బస్సులోనే. రాకపోతే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. డబ్బు సంగతి అటుంచితే, పండుగ తర్వాత 'ఈ పిల్ల అవసరానికి దొరకదు' అన్న మాట పడుతుంది. చిన్న ఊళ్లలో ఉద్యోగాలు నిలబడేదీ, పోయేదీ ఇట్లాంటి మాటల మీదే.

2023లో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అలాంటి చోట పనిచేసేవాళ్లకు కంపెనీ ల్యాప్‌టాప్, వీపీఎన్, అడిగితే చెప్పే ఐటీ మనిషి ఉంటారు. ఈ వ్యాసం వాళ్లకు కాదు. ఐదారుగురు పనిచేసే మిల్లు, డ్రాయింగ్ ఆఫీసు, ఆడిటర్ ఆఫీసు, విత్తనాల డీలర్‌షిప్... అక్కడ 'కంప్యూటర్ తెలిసినోళ్లు' అంటే మీరే. డిగ్రీలో చదివింది బీకామా, బీటెక్కా అన్నది ఎవరూ చూడరు. "ఊర్నుంచి ఆఫీసు కంప్యూటర్ తెరిచే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందంట, ఏది కొందాం?" అని ఓనర్ అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి.

మొదట మీరు తిరిగి ఒక ప్రశ్న అడగండి: కావాల్సింది తెరనా, ఫైలా? ఎక్సెల్ షీట్లు, కొటేషన్లు, ఫొటోలు మాత్రమే అయితే గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టుకుంటే కథ అక్కడితో అయిపోతుంది. టాలీ ఒక్కటే అయితే, టీఎస్‌ఎస్ చందా నడుస్తున్న టాలీప్రైమ్‌లోనే రిమోట్ సౌకర్యం ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో కంపెనీ ఫైల్ తెరిచి, కనెక్ట్ చేసి ఉంచితే చాలు. మీ ఓనర్ ఇప్పటికే డబ్బు కట్టినదాన్ని మళ్లీ కొనిపించకండి. ఆ కంప్యూటర్‌లోనే లైసెన్స్ ఉన్న డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, పాత బిల్లింగ్ ప్రోగ్రాం లాంటివి తెరవాలంటేనే రిమోట్ డెస్క్‌టాప్.

ఉచితం అన్నదాని వెనక

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ పేర్లు అందరికీ తెలుసు. రెండూ ఉచితమే, సొంత వాడకానికి మాత్రమే. మిల్లు లెక్కలు సొంత వాడకం కాదు. వ్యాపారానికి వాడుతున్నారని అనుమానం వస్తే సెషన్ మధ్యలోనే తెగిపోతుంది. అది జరిగేది సరిగ్గా 20వ తేదీ సాయంత్రమే అనుకుని ప్లాన్ చేసుకోవాలి.

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఆఫీసు కంప్యూటర్‌లో ప్రో ఎడిషన్ ఉండాలి. హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌కు కనెక్ట్ కావచ్చు గానీ, హోమ్ ఉన్న కంప్యూటర్‌లోకి రాలేం. కంప్యూటర్ షాపుల్లో అమ్మే చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమే. ప్రో ఉన్నా ఇంకో చిక్కు. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకు పంచుతాయి. అందుకే బయటినుంచి మీ ఆఫీసు రూటర్‌కు నేరుగా దారి దొరకదు. "స్టాటిక్ ఐపీ తీసుకో, రూటర్‌లో 3389 పోర్ట్ తెరిచెయ్" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. ఆ పోర్ట్ ఎక్కడ తెరిచి ఉందా అని ప్రపంచమంతా రోజంతా వెతికే ప్రోగ్రాంలు ఉన్నాయి. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. మిల్లు టాలీ డేటాకు రాన్సమ్‌వేర్ తాళం పడితే, పోయేది ఒక్క రిటర్న్ కాదు.

ఒకరిద్దరు అప్పుడప్పుడు వాడే ఆఫీసుకు నా ఓటు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌కే. డబ్బు అడగదు, హోమ్ ఎడిషన్‌లోనూ నడుస్తుంది, పోర్ట్ తెరవక్కర్లేదు, గూగుల్ ఖాతాతో పాటు కనీసం ఆరంకెల పిన్ ఉంటుంది. అందంగా ఏమీ ఉండదు, పని అయితే అవుతుంది. ఓపెన్ సోర్స్ ఇష్టపడేవాళ్లు రస్ట్‌డెస్క్ చూడొచ్చు, సొంత సర్వర్ పెట్టుకునే ఓపిక ఉంటే ఇంకా మేలు.

క్రోమ్‌లో మనవాళ్లకు కలిసొచ్చే ఇంకో విషయం డిజిటల్ సంతకం. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలకు రిటర్న్‌పై సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ ఉంటుంది కదా. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వస్తే, ఆఫీసు కంప్యూటర్‌కు గుచ్చిన టోకెన్ ఆ సెషన్‌లో కనిపించదు. అది మీ ముందున్న ల్యాప్‌టాప్‌లో టోకెన్ కోసం వెతుకుతుంది. క్రోమ్, ఎనీడెస్క్ లాంటివి ఆఫీసు తెరనే ఉన్నదున్నట్టు చూపిస్తాయి కాబట్టి టోకెన్ పనిచేస్తుంది. పద్ధతి ఏంటంటే, మీరు ఊర్నుంచి అంతా నింపి సిద్ధం చేయండి, ఓనర్ ఆఫీసులో కూర్చుని టోకెన్ పెట్టి పిన్ తనే కొడతాడు. ఆయన సంతకం ఆయన చేతిలోనే ఉంటుంది, రేపు ఏదైనా తేడా వస్తే మీ పేరు రాదు. సొంత యాజమాన్యపు సంస్థ అయితే ఓటీపీతో సరిపోతుంది. అదీ ఓనర్ ఫోన్‌కే వస్తుంది కనుక ఆయన్ను అందుబాటులో ఉండమనండి.

అసలు శత్రువు స్విచ్ బోర్డు

సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఆఫీసు కంప్యూటర్ ఆన్‌లో లేకపోతే అంతా వృథా. సాయంత్రం ఊడ్చి వెళ్లేవాళ్లు మెయిన్ బంద్ చేసి పోతారు. వాళ్ల తప్పేం లేదు, రోజూ చేయమన్నదే అది. స్విచ్ మీద ఒక కాగితం అంటించి, నోటితో కూడా చెప్పండి. విండోస్‌లో స్లీప్ తీసేయండి, మానిటర్ మాత్రం ఆపేయండి, లేదంటే మీరు చేసే పని ఆఫీసులో వచ్చిపోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. గాలివానకు కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తనంతట తాను లేవాలి. చాలా డెస్క్‌టాప్‌ల బయోస్‌లో, కరెంటు తిరిగొచ్చాక ఆన్ కావాలా వద్దా అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్‌కు మార్చండి. యూపీఎస్‌కు కంప్యూటర్‌ను కలిపి రూటర్‌ను మరిచిపోయే ఆఫీసులు బోలెడు. కంప్యూటర్ బతికే ఉంటుంది, దారి మాత్రం ఉండదు.

కరెంటు బిల్లు గురించి ఓనర్ అడుగుతాడు. ఊరికే ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకుంటే 24 గంటలకు 1.44 యూనిట్లు. అదీ మీరు సెలవులో ఉన్న రోజులకే.

ఇక మీవైపు నెట్ సంగతి. టాలీ కీబోర్డు మీద నడిచేది, తెర పెద్దగా మారదు కాబట్టి అమ్రాబాద్ వైపు సన్నటి సిగ్నల్‌లో కూడా నెట్టుకురావచ్చు. డ్రాయింగ్ పని అలా కాదు. మౌస్ ఇక్కడ కదిపితే గీత అక్కడ ఎప్పటికో కదులుతుంది. అది ఫైల్ తెచ్చుకుని చేసుకోవాల్సిన పని.

ముగ్గురు, నలుగురు తరచుగా బయటినుంచి పనిచేసే పరిస్థితి వస్తే అప్పుడు కొనండి. ధర చూసేముందు ఆ ధర దేని మీదో చూడండి: మనిషి లెక్కనా, కంప్యూటర్ లెక్కనా, ఒకేసారి నడిచే సెషన్ల లెక్కనా? ఆరుగురు ఉద్యోగులున్నా ఒక్కో రోజు ఒక్కరే బయట ఉంటారంటే, సెషన్ల లెక్క ప్లాన్ మీకు చవక. మన దేశపు జోహో అసిస్ట్‌లో రిమోట్ సపోర్ట్ వేరు, అన్‌అటెండెడ్ యాక్సెస్ వేరు. అవతల ఎవరూ లేకుండా తెరవాలి కాబట్టి మీకు కావాల్సింది రెండోది. 'నెలకు ఇంతే' అని పెద్ద అక్షరాల్లో ఉన్నది చాలాసార్లు ఏడాది మొత్తం ఒకేసారి కట్టినప్పటి ధర. పన్ను అదనం.

ఏది పెట్టినా మీ సొంత జీమెయిల్‌తో కలపకండి. ఆఫీసు పేరుతో ఖాతా తెరిచి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, పాస్‌వర్డ్ ఓనర్‌కు రాసివ్వండి. మీరు ఉద్యోగం మారిన రోజు ఆయన దాన్ని మార్చుకోవాలి. అది ఆయనకే కాదు, మీకూ రక్షణ. ఇంకోటి. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ పేరుతో జరిగే యూపీఐ మోసాలపై బ్యాంకులను హెచ్చరించింది. యాప్ తప్పు కాదు, ఫోన్‌లో అడిగితే కోడ్ చెప్పేయడమే తప్పు. 'కేవైసీ కోసం' అని ఎవరైనా అడిగితే పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఓనర్‌తో ఒక మాట ముందే అనుకోండి: సెలవులో ఎన్ని గంటలు పనిచేస్తారు, అది సగం రోజు కింద లెక్కేస్తారా లేదా. తలుపు ఒకసారి తెరిచాక బతుకమ్మ ఆడే టైంలో కూడా ఫోన్ వస్తుంది. ఇక బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఒకసారి ఆఫీసు కంప్యూటర్ తెరవండి. టాలీలో ఒక రిపోర్ట్ తీసి, పీడీఎఫ్ చేసి, మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని చూడండి. ఎక్కడైనా ఆగితే పొద్దున ఆఫీసు మీదుగా బస్టాండుకు పోవచ్చు.