దుప్పి వేటకు ఏ బుల్లెట్? అమెరికాలో లైసెన్స్.. వరంగల్ అడవిలో జైలు!

ముందు నుంచి మందు, గుండు కూరి పేల్చే మజిల్‌లోడర్ తుపాకీ.. దానితో జింకల వేట. అమెరికా నుంచి వచ్చే ఈ వీడియోల్లో 'ఏ బుల్లెట్ మంచిది' అన్నదే పెద్ద చర్చ. అలాంటి నాటు తుపాకీనే మన ఏజెన్సీలో భర్మార్ అంటారు. ఉమ్మడి వరంగల్‌లోని ఏటూరునాగారం, పాఖాల అడవుల్లో దాన్ని దుప్పి మీద పేలిస్తే మాత్రం కథ వేరే ఉంటుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ తుపాకీలకు ప్రత్యేక సీజన్ ఇస్తాయి. లైసెన్స్ ఉన్నవాళ్లు బ్యారెల్‌ను బట్టి గుండు ఎంచుకుంటారు. లోపలి మెలిక గాడి సుమారు 60 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే గుడ్డముక్కతో కూరే గుండ్రటి సీసం గుండు.. 28 అంగుళాలకే తిరిగితే ప్లాస్టిక్ తొడుగులో పెట్టే పొడవాటి బుల్లెట్. గుండు గిర్రున తిరుగుతూ వెళ్తేనే గురి నిలుస్తుంది.

నాటు భర్మార్‌లో సాధారణంగా ఆ గాడే ఉండదు, గొట్టం నున్నగా ఉంటుంది. సీసం గుండైనా, ఇనుప రవ్వలైనా కొంత దూరం పోయాక దారి తప్పుతాయి. దుప్పి అక్కడికక్కడే పడదు. గాయంతో పొదల్లోకి పారిపోయి నరకం చూసి చస్తుంది. నాసిరకం గొట్టం పగిలితే పేల్చినవాడి చెయ్యి, కన్ను కూడా పోవచ్చు.

ఇక మాంసం సంగతి. సీసం గుండు ఎముకకు తగిలితే కంటికి కనిపించని ముక్కలు మాంసంలో ఉండిపోవచ్చు. వేగం తక్కువ కాబట్టి రైఫిల్ బుల్లెట్ అంతగా చిట్లదు, నిజమే. కానీ రక్తంలో సీసానికి 'సేఫ్' లెవెల్ అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. సీసం బుల్లెట్‌తో కొట్టిన జింక మాంసం గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు తినొద్దని 2008లోనే అమెరికాలోని నార్త్ డకోటా ఆరోగ్యశాఖ సూచించింది. కాలిఫోర్నియా అయితే 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలనే నిషేధించింది. అక్కడ రాగి బుల్లెట్లు వాడుతున్నారు.

మన దగ్గర రాగి అయినా, సీసమైనా కేసు ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా. లైసెన్స్ లేని తుపాకీ దొరికితే ఆయుధాల చట్టం కింద మరో 2 నుంచి 5 ఏళ్లు. తయారుచేసి ఇచ్చినవాడికి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. 'పంట మేసింది సార్' అన్నా, అధికారి రాతపూర్వక అనుమతి లేకుంటే ఆ మాట చెల్లదు.